పరుగువాళ్ళ ఊళ్ళో మూడాటల గిరిజ

బిలాస్‌పూర్ చూడడానికని ఎవరూ వెళ్ళరు. అక్కడ ఉద్యోగాలున్నవాళ్ళు వెళతారు, వాళ్ళ చుట్టాలు వెళతారు. నేను రెండో రకం. అయితే ఈసారి చుట్టపుచూపుగా కాదు, ఒక పని మీద వెళ్ళాను.

మా పిన్ని కూతురు గిరిజ నాకంటే ఏడాది చిన్న. మూడు వేల మీటర్ల పరుగులో మాత్రం ఎప్పుడూ నాకంటే ముందే. నేను విజయనగరంలో కాలేజీ తరఫున పరిగెడతాను. పరిగెత్తేటప్పుడు ఎవరితోనూ మాట్లాడక్కర్లేదన్నది నాకు అందులో నచ్చిన మొదటి సంగతి. గిరిజ అలా కాదు, గెలవడానికి పరిగెడుతుంది. అలాంటి పిల్ల కొన్నాళ్ళుగా గ్రౌండుకి వెళ్ళడం మానేసి చెరువులో ఈదుతోందనీ, ఊరి బయట సైకిలు తొక్కుతోందనీ తెలిసింది. దాన్ని ట్రయాథ్లాన్ అంటారట. ఈత, సైకిలు, పరుగు, మూడూ ఆగకుండా ఒకదాని వెనక ఒకటి చెయ్యాలి.

పిన్ని దసరాకి మా ఇంటికి వచ్చినప్పుడు నన్ను వంటింట్లోకి పిలిచింది.

"రైల్వేలో ఆటల కోటా ఉద్యోగాలకి ట్రయల్స్ పెడతన్నారే. మీ బాబాయి రిటైరయ్యీలోపు అది అందులో చేరకపోతే క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోతాం? కోటాలో పరుగుందట. ఈతా ఉందట, సైకిలూ ఉందట. మూడూ కలిపింది మాత్రం లేదట. ఇది సరిగ్గా దాన్నే పట్టుకుంది. నువ్వొచ్చి నచ్చజెప్పు. నీ మాటైతే వింటాది."

నా మాట వినేవాళ్ళున్నారని అప్పుడే తెలిసింది. పరీక్షలు కాగానే బయల్దేరాను.

రాయగడ దాటాక

పిన్నికి ఉసిరికాయ పచ్చడంటే ప్రాణం. అమ్మ పెద్ద సీసా నిండా పెట్టి, మూతకి గుడ్డ కట్టి ఇచ్చింది. నేను దాన్ని సంచిలో పరుగు బూట్ల మధ్య పెట్టాను, పగలకుండా ఉంటుందని. సీసా పగల్లేదు. నూనె మాత్రం పార్వతీపురం దాటేసరికే బూట్లలోకి దిగింది.

ఆడవాళ్ళ పెట్టెలో నా ఎదురుగా కొండచీపుర్ల మోపులతో ఒకామె కూర్చుంది. రాయగడలో ఎక్కింది, టిట్లాగఢ్ సంతకి పోతోంది. నేను బూట్లు బయటికి తీసి చూసుకుంటుంటే వంగి వాసన చూసింది.

"ఏటమ్మా, చెప్పులకి పోపేసినావేటి?"

పెట్టెలో అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. ఆమె మాత్రం చీపురు పుల్లలతో బూట్ల లోపలి నూనె గీకి, పాత కాగితం కుక్కి, కిటికీ ఊచకి వాటిని కట్టింది. రాయపూర్ దాకా నా బూట్లు రైలుతో పాటు ఎగురుతూ వచ్చాయి. వాసన పోలేదు. దిగేముందు నాకో చీపురు అమ్మింది. మా ఊళ్ళో దాని ధర రెట్టింపు ఉంటుంది కాబట్టి నేనేమీ నష్టపోలేదు. కాకపోతే బిలాస్‌పూర్‌కి చీపురు పట్టుకుని వెళ్ళిన చుట్టాన్ని నేనొక్కదాన్నేనేమో.

బాబాయి పాస్ మీద రాయపూర్ దాకా ఎదురొచ్చాడు. బండి మారాం.

క్వార్టరు

సాయంత్రమయ్యేసరికి కాలనీ అంతా బొగ్గు పొగ. ప్రతి వాకిట్లోనూ బొగ్గుల పొయ్యి బయట పెట్టి రాజేసి, పొగ తగ్గాక లోపలికి తీసుకెళ్తారు. మా వైపు ఈ చలికి దుప్పటి చాలు. ఇక్కడ పిన్ని నాకు బాబాయి డ్యూటీ స్వెట్టరు తొడిగింది, మోకాళ్ళ దాకా వచ్చింది. రాత్రి భోజనంలోకి చీలాలు. బియ్యప్పిండి అట్లే, కాకపోతే మెత్తగా ఉంటాయి. ఇక్కడివాళ్ళు టమాటా చట్నీతో తింటారు. మేం ఉసిరికాయ పచ్చడితో తిన్నాం, సీసాలో మిగిలినంత.

ఇక్కడ ఆడపిల్లలు సైకిలెక్కితే ఎవరూ తిరిగి చూడరు. మా ఊళ్ళో నేను గ్రౌండుకి వెళ్ళేటప్పుడు ట్రాక్‌ప్యాంటు మీద చున్నీ వేసుకుంటాను. గిరిజ చీకటి పడే వేళకి చెమటతో వచ్చి, బాబాయి సైకిలుని గోడకి ఆనించి, నన్ను చూసి గట్టిగా నవ్వింది.

"అమ్మ పిలిపించింది కదా నిన్ను? నాకు తెలుసు. ముందు తిను, తర్వాత తిడుదువుగాని."

ఆదివారం ఈ ఊళ్ళో మొదటిసారిగా మూడాటల పోటీ పెడుతున్నారనీ, అందులో ఒంటరిగా మూడూ చేస్తున్న ఆడపిల్ల తనొక్కతేననీ భోజనం దగ్గర చెప్పింది. పిన్ని గిన్నెలు కాస్త చప్పుడుగా పెట్టింది.

గ్రౌండు

మర్నాడు తెల్లవారగానే నేను రైల్వే గ్రౌండుకి వెళ్ళాను. గిరిజ చెరువు వైపు వెళ్ళింది. ఇక్కడి పరుగువాళ్ళు పదిపన్నెండు మంది, ఎక్కువమంది మా వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబాలవాళ్ళే. వాళ్ళందరికీ గురువు సింహాచలం మాస్టారు. ఆయన గూడ్సు బండి గార్డు, ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా కాలనీ అంతా మాస్టారనే పిలుస్తుంది. ట్రయల్స్‌కి ఈ ఊరి నుంచి ఎవరు వెళ్ళాలో పేర్లు పంపేది ఆయనే. గిరిజ పేరు పంపనని అప్పటికే చెప్పేశారు.

పదివేల మీటర్లు పరిగెత్తే రాజు నా పక్కకి వచ్చాడు. కోటాలోనే ఉద్యోగం తెచ్చుకున్న కుర్రాడు, నోరు ఊరుకోదు.

"నువ్వు గిరిజ అక్కవి కదా? అరే, ఈ వాసనేటి? పచ్చడా?"

బూట్ల సంగతి చెప్పాను. గ్రౌండంతా చెప్పి వచ్చాడు. ఆ తర్వాత మూడాటల గురించి మొదలెట్టాడు.

"కూర్చుని చేసేది ఆటేటి సిస్టర్, నువ్వే చెప్పు. మా నాన్న ముప్ఫై ఏళ్ళు షెడ్డుకి సైకిలు మీదే వెళ్ళాడు. ఒక్క మెడలన్నా ఇచ్చారా?"

"మరి ఈత?" అన్నాను.

"నీళ్ళల్లో చెమట పట్టిందో లేదో ఎవడికి తెలుస్తాది? ఇంకోటి విన్నావా, మధ్యలో బట్టలు మార్చుకున్న టైము కూడా లెక్కలోకే వస్తాదట. అంటే నాలుగాటలు. నాలుగోదాంట్లో మా ఆవిడకి గోల్డ్ గ్యారంటీ."

మాస్టారు నవ్వలేదు. విజిల్ వేలికి చుట్టుకుంటూ అన్నారు. "పరుగొక్కటీ తెలియడానికి పదేళ్ళు పడతాదమ్మా. మూడంటే ముప్ఫై. అన్నేళ్ళు ఎవరి దగ్గరున్నాయి? మంచి కాళ్ళు ఆ పిల్లవి. చెరువులో కలిపీసింది."

నిజం చెప్పాలంటే నా అభిప్రాయం కూడా అప్పుడు అదే. పరుగువాళ్ళకి మూడాటలవాళ్ళంటే కోపం కాదు, ఒక రకమైన జాలి. వాళ్ళు ఎంత దూరం ఈదారో, ఎంత దూరం తొక్కారో మనం అడగం. 'పరుగెంతలో చేశారు?' అని మాత్రం అడుగుతాం. జవాబు విని తల ఊపుతాం. ఈతా సైకిలూ పరుగు దగ్గరికి రావడానికి పట్టే దారి ఖర్చులన్నట్టు.

నేను తిరిగొచ్చేటప్పుడు రాజు వెనకనుంచి కేకేశాడు. ఆదివారం పోటీలో ముగ్గురు కలిసి చేసే జట్లు కూడా ఉన్నాయట. గ్రౌండు తరఫున ఈతకో కుర్రాడు, సైకిలుకేమో ఇళ్ళకి పాలు పోసే యాదవ్ దొరికారు. పరుగుకి నేను.

"గిరిజ మీద మగపిల్లల్ని దింపితే బాగోదు. నువ్వు తాజా కాళ్ళతో వెళ్ళి దాటేయ్. అప్పుడు దానికే అర్థమౌతాది."

నచ్చజెప్పడానికి నోరు అక్కర్లేని దారి దొరికిందని ఒప్పేసుకున్నాను.

గోల్ బజార్

శనివారం గిరిజ నన్ను గోల్ బజార్‌కి తీసుకెళ్ళింది. ఉన్ని టోపీ కొనిపిస్తానంది. పొద్దుటి పలహారం అక్కడ పోహా, జిలేబీ. ఒకే ఆకులో రెండూ పెట్టి ఇస్తారు. అటుకుల మీద జిలేబీ పాకం కారితే మా ఇళ్ళల్లో చెయ్యి తప్పిందంటారు, అక్కడ అలాగే కావాలంటారు. రెండో ఆకు కూడా తిన్నాను. రెండు రూపాయలకి ఆకు. మా ఊళ్ళో ఆ డబ్బుకి ఇడ్లీ వస్తుంది గాని ఇంత తృప్తి రాదు.

కొట్టువాడు గిరిజని గుర్తుపట్టాడు. "దీదీ, రేపు ఈదాక తొక్కే ముందు కాస్త ఆగుతారు కదా? అక్కడ బండి పెట్టుకోనా?" అని హిందీలో అడిగాడు. ఆగరని చెబితే ఆశ్చర్యపోయాడు. "అచ్ఛా! మరి తినరా?"

టోపీల కొట్టు మేడ మీద ఉంది. కొనుక్కుని దిగుతుంటే చూశాను. గిరిజ రైలింగు పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కవాటుగా దిగుతోంది. పరుగువాళ్ళు మనిషిని మొహం చూసి కాదు, మెట్లు దిగడం చూసి తెలుసుకుంటారు. కింద అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను.

"కాలెక్కడే?"

ముందు నవ్వేసింది. తర్వాత కుడి మోకాలి కింద, ముందువైపు ఎముక మీద వేలు పెట్టి చూపించింది.

"ఇక్కడ. గ్రౌండు మానింది దీనివల్లే అక్కా. నడిచినా సలిపేది. ఆస్పత్రిలో ఎముక చిట్లబోతోందన్నారు, పరుగు ఆపమన్నారు. ఆపి ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కింది. ఈత తగలదు కదా అని చెరువులో దిగాను. తర్వాత సైకిలు. నెమ్మదిగా మళ్ళీ పరుగు, వారానికి మూడు రోజులే. ఇప్పుడు నొప్పి లేదు. మెట్లు చూస్తే భయం, అంతే."

"మాస్టారుకి చెప్పలేదా?"

"పోయినేడు ఒకమ్మాయి మోకాలు బాగోలేదని చెప్పింది. ఆ రోజు నుంచి అందరూ దాని మోకాలే చూశారు, పరుగు చూడలేదు. పేరు పోయింది. నేను పారిపోయాననుకోనీ. కాలు పోయిందని మాత్రం అనుకోకూడదు."

"పిన్నికి?"

"అమ్మకి చెబితే అన్నీ ఆపించీదు? నువ్వూ చెప్పకు." కొన్న టోపీని నా తలకి తొడుగుతూ మళ్ళీ అంది. "మొదట్లో మందులా ఈదాను. ఇప్పుడు అది లేకపోతే తోచదు. నీళ్ళల్లో తల పెడితే ఎవరి మాటా వినపడదు. నీకైతే ఇంకా నచ్చుతాది."

నేను ఈ ఊరికి వచ్చిన పని అక్కడితో ఆగిపోయింది. పరుగులోకి తిరిగి రమ్మని చెప్పడానికి, తను పరుగు వదిలితే కదా!

చెరువు గట్టు

ఆ చెరువు ఒకప్పుడు ఆవిరి ఇంజన్లకి నీళ్ళివ్వడానికి తవ్వింది. ఆ ఇంజన్లు పోయాయి, చెరువు మిగిలింది. ఆదివారం పొద్దున నీళ్ళ మీద పొగలా మంచు. గట్టున నాలుగు వెదుళ్ళు పాతి, చుట్టూ రెండు చీరలు కట్టి ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే చోటు చేశారు. ఆ చీరలు పిన్నివి. ఈ పోటీ వద్దని నెల రోజులుగా పోరుపెడుతున్న మనిషి, తువ్వాలు పట్టుకుని ఆ చాటున నిలబడి ఉంది.

"ఇంతమందిలో తడి బట్టల్తో బయటికొస్తాది. నేను లేకపోతే ఎలాగ?" అంది నాతో, నేనేమీ అడక్కుండానే.

గిరిజ మోకాళ్ళ దాకా నిక్కరూ టీషర్టూ వేసుకుని తొమ్మిదిమంది మగవాళ్ళ పక్కన నీళ్ళలో దిగింది. వాళ్ళల్లో సగం మంది ఈత నేలబావుల్లో నేర్చుకున్నవాళ్ళు, తల పైకెత్తి కప్పల్లా ఈదారు. ఆమె మూడోదిగా బయటికొచ్చింది. చీరల చాటుకి వెళ్ళి వచ్చేలోగా రాజు బిగ్గరగా వ్యాఖ్యానం మొదలెట్టాడు. "ఇప్పుడు నాలుగో ఆట నడుస్తోంది! పిన్ని గారు బాగా అందిస్తున్నారు!" పిన్నికి కోపం వచ్చినట్టుంది గాని, చాటులోంచి నవ్వు వినిపించింది.

బాబాయి సైకిలుకి కారియరూ మడ్‌గార్డులూ విప్పేశారు. గిరిజ దాని మీద రతన్‌పూర్ రోడ్డున వెళ్ళి, చెప్పిన చోట తిరిగి వచ్చేవరకు మాకు చేసే పనిలేదు. సింహాచలం మాస్టారు అప్పుడు వచ్చారు. ఈతా సైకిలూ చూడడానికి ఇష్టం లేక, పరుగు వేళకి వచ్చారు.

స్కూలు మలుపు

గిరిజ సైకిలు దిగి పరుగు మొదలుపెట్టిన కాసేపటికే మా యాదవ్ వచ్చి నా చేతిలో రుమాలు పెట్టాడు. అది పట్టుకుని నేను బయల్దేరాను. ఎదురుగా ఆమె కనిపిస్తూనే ఉంది. అది నాకు తెలిసిన గిరిజ పరుగు కాదు. నడుం కిందికి కుంగిపోయింది, పాదాలు నేలని చరుస్తున్నాయి, మోకాళ్ళు పైకి రావడం లేదు. గట్టున పరుగువాళ్ళు నవ్వుతున్నారు. "చెక్క కాళ్ళు! చెక్క కాళ్ళు!"

నాకు నవ్వు రాలేదు. ఎముక తిరగబెట్టిందనుకున్నాను. గ్రౌండులో ఎవరైనా అలా పరిగెత్తితే అయిపోయినట్టే, ఇంకో మలుపులో నిలబడిపోతారు. వాళ్ళందరి ముందూ దాటి వెళ్ళడానికి మనసొప్పలేదు. కాస్త వెనకే ఉందాం, ఆగిపోతే పట్టుకోవచ్చని వేగం తగ్గించాను.

రైల్వే స్కూలు మలుపు దగ్గర ఏం జరిగిందో నాకు అప్పుడు అర్థం కాలేదు, తర్వాత గిరిజ చెప్పింది. గిరిజ నడుం లేచింది. అడుగు పొడుగైంది. పాదాల చప్పుడు ఆగిపోయింది. సైకిలు తొక్కిన కాళ్ళు పరుగు గుర్తుతెచ్చుకోవడానికి కాస్త సమయం తీసుకుంటాయట, అంతే. అది అలసట కాదు, నొప్పీ కాదు. మూడాటలవాళ్ళందరికీ తెలిసిన సంగతి. పరుగువాళ్ళం గనక మాకెవరికీ తెలియదు.

అప్పుడు నేను నిజంగా పరిగెత్తాను. పచ్చడి బూట్లు, రుమాలు, తాజా కాళ్ళు అన్నీ పెట్టి పరిగెత్తాను. మా మధ్య దూరం తగ్గింది గాని పోలేదు. ఆమె గీత దాటినప్పుడు నేను లారీ పొడవు వెనక ఉన్నాను.

"ఏటి సిస్టర్, నిద్రపోయావా?" అని రాజు మీదికొచ్చాడు. "మొదట్లోనే దాటీవలసింది కదా! చచ్చిపోయున్నప్పుడు!"

"చచ్చిపోలేదు," అన్నాను. అంతకంటే మాట రాలేదు, ఊపిరి కూడా లేదు.

మాస్టారు మా ఇద్దరి వైపూ చూసి, గడియారం చూసుకుని వెళ్ళిపోయారు.

సాయంత్రం టీ

ఆయన సాయంత్రం క్వార్టరుకి వచ్చారు. పిన్ని ఉల్లిపాయ పకోడీ వేసింది. బాబాయి కుర్చీ తెచ్చి అరుగు మీద వేశాడు. మాస్టారు కూర్చోకుండానే మొదలెట్టారు.

"ఆ చివరి సగం లాంటి పరుగు నేను ఈ ఊళ్ళో ఆడపిల్లల్లో చూడలేదు. పేరు పంపుతాను. కానీ రేపట్నించి రెండు పూటలా గ్రౌండుకి రావాల. ఆ చెరువూ సైకిలూ మానీ. ఇంకేటి అడగను."

పిన్ని మొహం వెలిగిపోయింది. నా వైపు చూసింది, ఇదంతా నేను నచ్చజెప్పడం వల్లే అన్నట్టు. బాబాయి టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాళ్ళు ఏడాదిగా ఎదురుచూస్తున్న మాట అది. గిరిజ కూడా ఎదురుచూసిందే. రెండు పూటలా పరిగెడితే ట్రయల్స్ దాకా ఆ ఎముక ఆగదు. పరిగెత్తనంటే పేరు వెళ్ళదు.

"రెండు పూటలా రాలేను సార్," అంది గిరిజ.

"ఎందుకే?" అన్నారు పిన్నీ మాస్టారూ ఒకేసారి.

గిరిజ గోడకి ఆనించిన సైకిలు వైపు చూసింది. అరుగు మీద అందరూ పెద్దవాళ్ళే. నేను అలాంటి చోట నోరు తెరిచిన గుర్తు లేదు. కానీ ఆ నిశ్శబ్దం నాకు పరుగు కంటే కష్టంగా ఉంది.

"మాస్టారూ, అది వారానికి మూడు రోజులే పరిగెడుతోంది. నేను రోజూ పరిగెడతాను. ఇవాళ తాజా కాళ్ళతో వెళ్ళి కూడా పట్టుకోలేకపోయాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మాస్టారు నన్ను వదిలి గిరిజని చూశారు. "మూడు రోజులేనా? మిగతా రోజులు ఎందుకు రావు?"

అప్పుడు గిరిజ చెప్పేసింది. నొప్పి, ఆస్పత్రి, చెరువు, అన్నీ. పిన్ని చేతిలో జల్లిగరిట ఉండిపోయింది, లోపల పకోడీల వాయ మాడింది. బాబాయి గిరిజ కాలి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఎముక మీదా, పక్క కండలోనా?" అన్నారు మాస్టారు.

"ఎముక మీదే."

"ఇప్పుడు వత్తితే?"

"లేదు సార్."

ఆయన అప్పుడు కుర్చీలో కూర్చున్నారు. "నాకూ అక్కడే," అన్నారు. "నేను రోజూ పరిగెట్టాను. ఎవరితోనూ చెప్పలేదు. ఇరవయ్యారేళ్ళకి అయిపోయింది." టీ తాగారు. "డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళు, మీ నాన్నని తోడు తీసుకెళ్ళు. ఆయన సరేనంటే పేరు వెళ్తాది. ట్రయల్లో కాలు గురించి అడిగితే అబద్ధం ఆడకు. మూడు రోజులే రా."

"మరి చెరువు?" అంది గిరిజ.

మాస్టారు పకోడీ మాడిన వాసన వస్తోందని పిన్నితో చెప్పారు.

పిన్ని ఆ సాయంత్రమంతా నాతో మాట్లాడలేదు. పడుకునే ముందు వచ్చి నా స్వెట్టరు చేతులు కిందికి లాగి, "నువ్వైనా నాకు సెప్పకూడదేటే," అంది. ఆ గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

తిరుగు బండి

సోమవారం పొద్దున బండికి బాబాయితో రిక్షాలో బయల్దేరాను. గిరిజ అప్పటికే వెళ్ళిపోయింది, సోమవారం తనకి పరుగు లేని రోజు. రిక్షా చెరువు పక్కనుంచి వెళుతుంటే బాబాయి ఆపమన్నాడు.

నీళ్ళ మధ్య గిరిజ చేతులు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. గట్టు మీద సింహాచలం మాస్టారు ఉన్నారు, మఫ్లరు చెవులకి చుట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని. "భుజాలు వదులు! భుజాలు వదులు!" అని అరుస్తున్నారు, గ్రౌండులో మాకు అరిచినట్టే. ఆమెకి ఒక్క మాట కూడా వినపడదు. ఆయన గట్టు వెంట ఆమెకి సమంగా నడుస్తున్నారు. ఆమె వేగం పెంచింది. నడిస్తే చాలలేదు. మాస్టారు చిన్న చిన్న అడుగులతో పరుగందుకున్నారు.

చెరువు అంచు తాకి గిరిజ వెనక్కి తిరిగింది. ఆయనా తిరిగారు.